రీఫ్ ట్యాంకులోకి పిలవకుండా వచ్చిన బుల్లి స్టార్ ఫిష్: ఏదో తేల్చుకునేదెట్లా?

"అన్నా, గ్లాసు మీద తెల్లగా గోరంత నక్షత్రం ఒకటి పాకతాంది. నేను కొనలేదు. యాడి నుంచి వచ్చింది? తీసేయాల్నా, ఉండనీయాల్నా?" కర్నూలు, అనంతపురం, కడప, ఏ ఊరైనా సరే, రీఫ్ ట్యాంకు, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ల ట్యాంకు పెట్టినవాళ్లు మొదటి ఏడాదిలో అడిగే ప్రశ్నల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. దీని వెనకే ఇంకోటి: "రాయి సందుల్లోంచి దారాల మాదిరి ఏవో ఊగుతాండాయి, పురుగులా?" ఫోటో పంపమంటే పంపుతారు. అందులో నీలం లైటు, దాని మధ్యలో మసకగా ఒక తెల్ల చుక్క. దాన్ని చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. అందుకే మీ అంతట మీరే తేల్చుకునే పద్ధతి రాస్తున్నా.

తొందరలో ఉన్నవాళ్లకు ముందే ఒక మాట. గ్లాసు మీద పాకేది చాలావరకు ఆస్టెరినా అనే బుల్లి స్టార్ ఫిష్ అయి ఉంటుంది. సందుల్లోంచి చేతులు ఊపేది బుల్లి బ్రిటిల్ స్టార్ (స్టార్ ఫిష్‌కు చుట్టమైన సన్నచేతుల జీవి) అయి ఉంటుంది. ఎక్కువ ట్యాంకుల్లో ఈ రెండింటి జోలికీ పోనక్కర్లేదు. కాబట్టి ఈ రాత్రికి ఏదీ పీకేయకండి, ఏ మందూ పోయకండి.

ఇవి గాల్లోంచి ఊడిపడవు. బెంగళూరు నుంచో చెన్నై నుంచో హైదరాబాదు నుంచో రాత్రి బస్సులో వచ్చిన కోరల్ ఫ్రాగ్ (పెంచడానికి తుంచిన పగడపు ముక్క) కింద, దాన్ని అతికించిన ప్లగ్ (చిన్న దిమ్మ) కాడ గుంతలో దాక్కుని వస్తాయి. నత్త గుల్ల మీద, కీటో అనే దారాల నాచు ముద్దలో, లైవ్ రాక్ (జీవులు పట్టిన సముద్రపు రాయి) రంధ్రాల్లో కూడా వస్తాయి. "నాది అంతా డ్రై రాక్ అన్నా" అన్నా సరే, ఒక్క ఫ్రాగ్ తెచ్చిపెడితే చాలు. ఆ తర్వాత వీటిలో చాలా రకాలు తమను తాము రెండుగా చీల్చుకుని పెరుగుతాయి. జత కూడా అక్కర్లేదు.

కావాల్సినవి

- బాగా వెలుగొచ్చే టార్చి ఒకటి. దాని మీద చుట్టడానికి ఎర్ర జిలేటిన్ పేపరు, ఫ్యాన్సీ అంగట్లో దొరుకుతుంది. ఎర్ర వెలుగును ఇవి అంతగా పట్టించుకోవు, తెల్ల వెలుగు పడితే సందుల్లోకి పోతాయి.
- పది రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం. కంసాలులు కంట్లో పెట్టుకునేదైనా పనికొస్తుంది. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల వీధికి దగ్గర్లో ఉన్నవాళ్లు దానికోసం ఆన్‌లైన్లో వెతకనక్కర్లేదు. ఫోనుకు తగిలించే మాక్రో లెన్స్ ఉంటే ఇంకా మేలు.
- అడుగు, పక్కలు అన్నీ పారదర్శకంగా ఉండే చిన్న ప్లాస్టిక్ డబ్బా. స్వీటు అంగడి డబ్బా మూత కూడా సరిపోతుంది, నెయ్యి జిడ్డు లేకుండా కడిగితే.
- సూది తీసేసిన 50 మి.లీ. సిరంజి, అడుగు పొడవు ఎయిర్ పైపు ముక్క, ప్లాస్టిక్ పట్టకారు, పాత ఏటీఎం కార్డు.
- మిల్లీమీటర్లు ఉన్న ప్లాస్టిక్ స్కేలు, వైట్ బోర్డు మార్కర్, ఒక నోటు పుస్తకం.
- రిఫ్రాక్టోమీటర్ (నీళ్లలో ఉప్పు కొలిచేది), థర్మామీటర్. ఇవి ట్యాంకు పెట్టిన ప్రతివాళ్ల దగ్గరా ఉండాల్సినవే కాబట్టి వీటి గురించి చెప్పను.

ఈ సామాన్లన్నీ ఆర్.ఓ. నీళ్లతో కడగండి. సబ్బు వద్దు. బోరు నీళ్లతో కడిగి అట్లే ట్యాంకులో ముంచడమూ వద్దు.

అసలు పని

1. ముందు అది స్టార్ ఫిషేనా అని చూడండి. నవ్వకండి, సగం గందరగోళం ఇక్కడే. రెండు నిమిషాలు కదలకుండా చూస్తే చాలా తేలిపోతాయి.

గ్లాసుకు అతుక్కుని అస్సలు కదలని తెల్ల చుట్ట, ఒకటి రెండు మిల్లీమీటర్లది, స్పైరార్బిడ్ పురుగు కట్టుకున్న గుల్ల. హాని లేదు. రాయి మీద మెత్తటి పొరలో పూలు పూసినట్టు వరసగా కనిపించే నక్షత్రాలు కదలకపోతే, అవి ట్యునికేట్లు అనే, ఒకేచోట అతుక్కుని ఉండే మెత్తటి జీవుల గుంపు. గ్లాసు మీద చిన్నగా, నడుమ ఒక చుక్క, చుట్టూ కొనలు చీలిన మీసాలు, ఊదితే ఎగిరి ఇంకోచోట వాలేది హైడ్రాయిడ్ జెల్లీ ఫిష్. ఇది మాత్రం నక్షత్రం కాదు, మీసాల కొనల్లో కుట్టే కణాలుంటాయి. సిరంజితో పీల్చేయాల్సింది దీన్ని. చాలామంది దీన్ని "ఆస్టెరినా పిల్ల" అనుకుని వదిలేసి, ఆస్టెరినాను జెల్లీ అనుకుని పీకేస్తుంటారు.

సందులోంచి వచ్చే దారాల సంగతి వేరు. దీనికి ఒక్క పరీక్ష చాలు: ఆ దారం సాగుతోందా? నాలుగు అంగుళాలు సాగి, ముట్టుకోగానే కుంచించుకుపోయి లోపలికి పోతే అది స్పాగెట్టి పురుగు మీసం. బ్రిటిల్ స్టార్ చెయ్యి వంగుతుంది, మెలిక తిరుగుతుంది, కానీ సాగదు. దాని పొడవు ఎప్పుడూ అంతే. భూతద్దంలో చూస్తే గణుపులు గణుపులుగా అడ్డ పట్టీలు, రెండు పక్కలా పొట్టి ముళ్లు కనిపిస్తాయి. పక్కల ముళ్లు కాకుండా వెంట్రుకల కుచ్చులు ఉండి, మొత్తం శరీరమే జారుకుంటూ పోతే బ్రిసిల్ వార్మ్. దాన్ని ఒట్టి చేత్తో పట్టుకోవద్దు, ఆ వెంట్రుకలు చర్మంలో దిగి మంట పెడతాయి.

2. ఎప్పుడు, ఎక్కడ కనిపించిందో రాసుకోండి. పగలే గ్లాసు మీద, కోరలైన్ ఆల్గే (రాళ్లకు పట్టే గట్టి ఊదా నాచు) మీద తాపీగా తిరిగేది ఆస్టెరినా వైపు. రాత్రి రాళ్ల సందుల్లో, ఇసుకలో, సంప్‌లో (కింది ఫిల్టర్ తొట్టిలో), ఫిల్టర్ సాక్ (వడపోత సంచి) మడతల్లో, స్పాంజి లోపల ఉండేది బ్రిటిల్ స్టార్ వైపు. లైట్లు ఆరిన గంట తర్వాత ఎర్ర టార్చి పట్టుకుని కూర్చోండి. టార్చిని పైనుంచి కాదు, పక్కనుంచి, గ్లాసుకు ఆనించి వాలుగా వేయండి. తొలకరి పడినాక జొన్నగిరి, తుగ్గలి చేలల్లో వజ్రాలకు తిరిగేవాళ్లు ఎండ వాలులో నేలను ఎట్లా చూస్తారో అట్లా. నేరుగా వేసిన వెలుగులో కనపడని గరుకు, నీడ వాలు వెలుగులో తేలుతుంది.

3. నడుమ బిళ్ల చూడండి. అన్నిటికంటే నమ్మకమైన గుర్తు ఇదే. స్టార్ ఫిష్‌లో చేతులకు, నడుమకు మధ్య గీత గీయలేరు. మొదట్లో వెడల్పుగా ఉన్న చెయ్యి అట్లే ఒంట్లో కలిసిపోతుంది. ఆస్టెరినాలో అయితే చేతులు మరీ పొట్టి, వేళ్ల మధ్య పొర ఉన్నట్టు ఉంటాయి. బ్రిటిల్ స్టార్‌లో నడుమ ఒక గుండ్రటి బిళ్ల వేరుగా తెలుస్తుంది, దానికి సన్నటి చేతులు అతికించినట్టు ఉంటాయి. చేతి పొడవు బిళ్లకు ఎన్నో రెట్లు.

నడక కూడా దీన్నే చెబుతుంది. స్టార్ ఫిష్ చేతులు కదలవు, మొత్తం ఒళ్లు జారుతూ పోతుంది. బ్రిటిల్ స్టార్ చేతులతో తెడ్డు వేసుకుంటూ పోతుంది, చాలా వేగంగా.

4. గ్లాసు బయటి నుంచి అడుగు భాగం చూడండి. ఈ ఒక్క పనికి రీఫ్ ట్యాంకు కంటే మంచి సాధనం లేదు. సముద్రంలో రాయి తిప్పితే గాని కనపడనిది మనకు గ్లాసులోంచి తేరగా కనిపిస్తుంది. జీవి గ్లాసు మీదున్నప్పుడు భూతద్దం గ్లాసుకు ఆనించండి. సరిగ్గా నడుమ నోరు. అక్కడి నుంచి ఒక్కో చేతి కొన దాకా ఒక్కో కాలువ. ఆ కాలువలో రెండు వరసలుగా గాజు రంగు గొట్టపు కాళ్లు, కొనల్లో చిన్న చప్పరింపు బిళ్లలు. ఒక కాలు వదులుతుంది, ముందుకు చాచుతుంది, అంటుకుంటుంది, అంతలో పక్క కాలు వదులుతుంది. అది తింటున్న సమయం దొరికితే ఇంకా విచిత్రం: నోట్లోంచి పొట్ట బయటికొచ్చి, పల్చటి ముడతల పొరగా గ్లాసు మీద పరుచుకుని ఉంటుంది. మేతను లోపలికి తీసుకోకుండా, పొట్టనే మేత మీదికి పంపి అక్కడే అరిగించుకుంటుంది. దీన్ని ఒకసారి చూసినవాళ్లు ఆస్టెరినాను పీకేయడానికి కాస్త వెనకాడతారు.

కాలువ కనిపిస్తే స్టార్ ఫిష్. కనిపించకపోతే బ్రిటిల్ స్టార్, దాని చేతుల కింద తెరిచిన కాలువ ఉండదు. చేతి కొనల్లో ఎర్ర చుక్క కనిపిస్తే అదీ స్టార్ ఫిష్ గుర్తే, అవి వెలుతురు పసిగట్టే కళ్లు.

5. చేతులు లెక్కపెట్టండి, కొలవండి. స్కేలు గ్లాసుకు బయట ఆనించి కొన నుంచి కొన దాకా చూడండి. బ్రిటిల్ స్టార్‌కైతే బిళ్ల అడ్డం కొలిచి, చేతి పొడవు వేరే రాసుకోండి.

చేతులు అయిదే ఉండాలని రూలు పెట్టుకోవద్దు. ఆస్టెరినాకు అయిదు, ఆరు, ఏడు, ఒక్కోసారి ఎనిమిది కూడా ఉంటాయి. ఒక పక్క నాలుగు పెద్దవి, ఎదురు పక్క రెండు మూడు మొలకలు ఉంటే అది జబ్బు కాదు. ఈ మధ్యే రెండుగా చీలింది, పోయిన సగం మొలుస్తోంది.

6. ఇప్పుడు గుంపు తేల్చండి. కింద చెప్పిన నాలుగింటిలో ఏదో ఒకదానికి సరిపోవాలి.

ఆస్టెరినా: సాధారణంగా సెంటీమీటరు, మహా అయితే ఒకటిన్నర. తెలుపు, బూడిద, లేత పచ్చ, గోధుమ మచ్చలు. చేతులు ఎగుడుదిగుడు. వీటిలో చాలావాటిని శాస్త్రవేత్తలు అక్విలోనాస్ట్రా అనే ప్రజాతిలో వేశారు గాని, అంగట్లో అడిగితే ఆస్టెరినా అంటేనే తెలుస్తుంది.

చిన్న బూడిద రంగు బ్రిటిల్ స్టార్: బిళ్ల మూడు నుంచి అయిదు మిల్లీమీటర్లు, అయిదు సన్నటి చేతులు. ఎక్కువగా ఆంఫిఫోలిస్ స్క్వామాటా. ఇది పిల్లల్ని ఒంట్లోనే పెంచి కంటుంది, అందుకే సంప్‌లో ఆవగింజంత పిల్లలు కనిపిస్తుంటాయి. చీకట్లో కదిలిస్తే చేతులు ఆకుపచ్చగా మెరుస్తాయి. దానికోసమని రోజూ గెలికేరు, వద్దు.

ఆరు చేతుల బ్రిటిల్ స్టార్: పచ్చ, గోధుమ పట్టీలు, చిన్న బిళ్ల. ఒఫియాక్టిస్ సావిగ్నీ. ఇది కూడా చీలి పెరిగే రకమే, కాబట్టి మూడు పెద్ద చేతులు, మూడు బుల్లివి కనిపించడం మామూలే. స్పాంజి రంధ్రాల్లో గుంపులుగా ఉంటుంది.

తోకచుక్క: ఒక పొడవాటి గుండ్రటి చెయ్యి, దాని మొదట్లో మూడు నాలుగు బుడిపెలు. తెగిపోయిన చేతి నుంచి కొత్త నక్షత్రం మొలుస్తున్న లింకియా ఇది, చాలావరకు లింకియా మల్టిఫోరా. దొరికితే అదృష్టమే, కానీ పెరిగేకొద్దీ చిన్న ట్యాంకులో మేత చాలక చిక్కిపోతుంది. పాత, పెద్ద ట్యాంకు ఉన్నవాళ్లకు ఇచ్చేయడం మేలు.

ఇంతకు మించి జాతి పేరు దాకా పోవద్దు. ఫోటోలో జాతి తేల్చడం అయ్యేపని కాదు, ఒంటి మీది పలకలు, ముళ్లు మైక్రోస్కోపులో చూడాలి. ఉంచాలా తీయాలా అన్నదానికి గుంపు తెలిస్తే చాలు.

ఒక్క అనుమానం మాత్రం నివృత్తి చేసుకోండి. ఆకుపచ్చ బ్రిటిల్ స్టార్ కనిపిస్తే చేతులు తప్పకుండా లెక్కపెట్టండి. ఆరు ఉండి బుల్లిగా ఉంటే సమస్య లేదు. అయిదే ఉండి, బిళ్ల సెంటీమీటరు దాటి, నెల నెలా పెరుగుతుంటే ఒఫియారాక్నా ఇంక్రాసాటా కావచ్చు. అది పెద్దయ్యాక రాత్రి ఒంటిని గూడులా పైకెత్తి నిలబడి, కిందికి దూరిన చేపను పట్టేస్తుంది. ఇట్లా దొంగతనంగా రావడం అరుదు, వస్తే చిన్నప్పుడే వేరు చేయడం తేలిక.

7. ఫోటో తీయండి. నీలం లైటు ఆపి తెల్ల లైటు పెట్టండి. వేవ్ మేకర్ (నీళ్లను కదిలించే పంపు) ఆపండి. గ్లాసు లోపలా బయటా తుడవండి. ఫోనును గ్లాసుకు నిటారుగా, సమానంగా పెట్టండి, వంకరగా పెడితే అంచులు చెదురుతాయి. స్కేలు కూడా ఫోటోలో పడాలి. పై భాగం ఒకటి, అడుగు భాగం ఒకటి, అది ఏం మీద ఉందో తెలిసేలా కాస్త దూరం నుంచి ఒకటి. ఎవరినైనా అడగాలంటే ఈ మూడు ఫోటోలు పంపండి. వేవ్ మేకర్ తిరిగి ఆన్ చేయడం మర్చిపోకండి.

గ్లాసు మీదికి రాకపోతే సిరంజితో మెల్లగా పీల్చి, ట్యాంకు నీళ్లతోనే నింపిన డబ్బాలో వేసి కింది నుంచి చూడండి. పది నిమిషాల్లో తిరిగి వదిలేయాలి. మే నెలలో మన ఇళ్లలో గిద్దెడు నీళ్లు వేడెక్కడానికి ఎంతసేపు? ఈ జాతులకు ఉప్పు, వేడి ఉన్నట్టుండి మారితే తట్టుకునే శక్తి లేదు.

ఉంచాలా, తీయాలా

8. అది ఏం తింటోందో చూడండి. పేరు కంటే ఇదే ముఖ్యం. ఆస్టెరినా మామూలుగా తినేది గ్లాసు మీది నాచు పొర, డయాటమ్‌లు (గోధుమ పొర కట్టే సూక్ష్మ నాచు), చెత్త. కోరలైన్ ఆల్గే కూడా కొంచెం గీకుతుంది. ఊదా రాయి మీద అది ఉన్నంత మేర గుండ్రటి తెల్ల మచ్చ పడితే దాని పనే. అందం చెడుతుంది తప్ప ప్రాణాపాయం ఏమీ లేదు. బ్రిటిల్ స్టార్లు చేపలు వదిలిన మేతను, చెత్తను ఏరుకు తింటాయి. డబ్బు పెట్టి కొనే క్లీనప్ క్రూ (చెత్త తినే నత్తలు, పీతలు) కంటే ఇవి లోతైన సందుల్లోకి పోయి పని చేస్తాయి.

గొడవంతా జోవాంతిడ్ల (గుంపులుగా పెరిగే పూల లాంటి పగడపు చుట్టాలు, పొట్టిగా జోవాలు) దగ్గర వస్తుంది. కొన్ని ఆస్టెరినాలు జోవాలను తింటాయని చాలామంది ట్యాంకుల వాళ్లు చెబుతారు, కొట్టిపారేయలేం. కానీ జోవా మీద ఆస్టెరినా కనిపించినంత మాత్రాన అదే తింటోందని అనుకోవద్దు. పాలిప్‌ల (జోవాలో ఒక్కో పువ్వు) మధ్య పేరుకున్న చెత్త కోసం వచ్చి ఉండొచ్చు. అప్పటికే చస్తున్న కండను తినడానికి వచ్చి ఉండొచ్చు. ఇట్లా చూడండి: దాన్ని తీసి పక్కన పెట్టిన మర్నాటికి మూసుకున్న పాలిప్‌లు తిరిగి విచ్చుకుంటే అది చికాకు పెట్టింది, తినలేదు. తలలు లేకుండా మొండి కాడలు మిగిలితే, కండ కరిగి తెల్లబడితే, అదీ వరసగా కొన్ని రాత్రులు అదే జోవా మీద ఆస్టెరినాయే కనిపిస్తే, అప్పుడు దాన్ని నిందించండి. అంతకు ముందు పాలిప్‌ల అడుగున జోవా రంగులోనే ఉండే నూడిబ్రాంక్‌లు (గుల్ల లేని సముద్రపు నత్తలు), మెట్ల మెట్లుగా చుట్టుకున్న సన్‌డయల్ నత్త ఉన్నాయేమో వెతకండి. అసలు దొంగలు చాలాసార్లు అవే.

కొందరు అనుమానం తీర్చుకోవడానికి ఆస్టెరినాను, ఒక జోవా ఫ్రాగ్‌ను కలిపి చిన్న డబ్బాలో పెట్టి చూస్తారు. అట్లా చేసేటట్టయితే నాచు పట్టిన రాయి ముక్క కూడా లోపల పెట్టండి. వేరే మేత లేక తిన్నదాన్ని చూసి ట్యాంకులో కూడా తింటుందని తేల్చేయడం తప్పు.

9. లెక్క పెట్టండి. ట్యాంకు బయట మార్కర్‌తో 10 సెంటీమీటర్ల చదరం గీయండి. వారానికి ఒకసారి, లైట్లు ఆరిన గంటకు, ఆ చదరంలో ఎన్ని ఉన్నాయో రాయండి. ఒక వారం లెక్క దేనికీ పనికిరాదు, అవి తిరుగుతుంటాయి. నాలుగు వారాలవి కలిపి చూస్తే ఎటు పోతోందో తెలుస్తుంది. ఆ చదరాన్ని మాగ్నెట్ బ్రష్‌తో గీకేస్తే లెక్క చెడుతుంది, అక్కడ ముట్టకండి.

పెరుగుతున్నాయంటే మేత ఎక్కువగా ఉందని అర్థం. అంటే మీరు చేపలకు ఎక్కువ వేస్తున్నారు. నైట్రేట్, ఫాస్ఫేట్ చూడండి, ఫ్రోజెన్ మేత కడిగి వేయండి, ఆ చదరం వదిలి మిగతా గ్లాసు తరచుగా తుడవండి. సగం మంది సమస్య ఇక్కడే తీరుతుంది.

10. తీయాలనుకుంటే చేత్తోనే తీయండి. రాత్రి ఏటీఎం కార్డుతో గ్లాసు నుంచి మెల్లగా లేపి, వెంటనే ఎయిర్ పైపుతో సైఫన్ చేయండి. రాయి మీదివి పట్టకారుతో. నొక్కి నలపొద్దు, కత్తిరించొద్దు. నడుమ భాగం కొంత మిగిలిన ముక్క తిరిగి మొలవగలదు, ఒకటి చంపబోయి రెండు చేసుకుంటారు. అన్నీ పోవాలని పట్టు పట్టకండి, జోవాల చుట్టుపక్కల తగ్గితే చాలు.

తీసినవాటిని చిన్న మూత డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి. డబ్బా మీద పేరు రాసి, ఇంట్లోవాళ్లకు చెప్పి పెట్టండి, లేకపోతే మీకు ఇంకో సమస్య మొదలవుతుంది. హార్లెక్విన్ రొయ్య పెంచేవాళ్లు తెలిస్తే బతికున్నవే ఇచ్చేయొచ్చు. వచ్చిన చోటికే పంపుదామని సముద్రానికి తీసుకుపోయి వదలొద్దు. ఏ సముద్రంలోవో, ఏ రోగం మోస్తున్నాయో మనకు తెలియదు.

హార్లెక్విన్ రొయ్య, హైమెనోసెరా పిక్టా, గురించి అడిగేవాళ్లు చాలామంది. అది తినేది నక్షత్ర జాతులనే. ఆస్టెరినాలను ఊడ్చేస్తుంది, నిజమే. ఆ తర్వాత? మేత అయిపోతే ఆకలికి చస్తుంది. అప్పుడు దానికోసం స్టార్ ఫిష్‌లు కొనాలి, మన ఊళ్లకు అవి తెప్పించుకోవడం ఎంత కష్టమో తెలిసిందే. మీరు ఇష్టపడి కొన్న లింకియా ఉంటే దాన్నీ వదలదు. చదరంలో ఆస్టెరినాలు కుప్పలుగా ఉండి, పని అయ్యాక రొయ్యను తీసుకునేవాళ్లు ముందే ఖాయమైతేనే ఆ ఆలోచన చేయండి.

జనం చేసే తప్పులు

రాగి ఉన్న మందు పోయడం అన్నిటికంటే పెద్ద తప్పు. నక్షత్రాలతో పాటు రొయ్యలు, నత్తలు, కోరల్స్ అన్నీ పోతాయి, ఆ రాగి రాళ్లలో ఇంకి మళ్లీ మళ్లీ వదులుతుంది.

కొత్త ఫ్రాగ్‌ను డిప్‌లో (పురుగులు రాలడానికి వాడే మందు నీళ్లలో) ముంచాం కదా అని నిశ్చింతగా ఉండడం ఇంకోటి. డిప్ చేసినప్పుడు బ్రిటిల్ స్టార్లు రాలిపడతాయి గాని, ప్లగ్ కింద అతుక్కున్న ఆస్టెరినా అంత సులభంగా వదలదు. ప్లగ్ తిప్పి, కాడ చుట్టూ టార్చి వేసి కళ్లతో చూడాల్సిందే. వీలైతే ఫ్రాగ్‌ను పాత ప్లగ్ నుంచి తీసి కొత్తదానికి అతికించండి.

బ్రిటిల్ స్టార్లు పట్టపగలే గుంపుగా ఇసుక మీదికి, రాళ్ల కొసలకు వచ్చేస్తే "ఎక్కువైపోయాయి, తీసేయాలి" అనుకుంటారు. ముందు నీళ్లు చూడండి. మన ఎండల్లో ట్యాంకు 30 డిగ్రీలు దాటితే నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది, అందులో కరెంటు పోయి పంపు ఆగిందంటే ఇంకా ఘోరం. బ్యాటరీ ఎయిర్ పంపు పెట్టండి, ఫ్యాన్ వేయండి. అమ్మోనియా, ఉప్పు కొలవండి. ఫ్యాన్ పెట్టిన ట్యాంకులో నీళ్లు ఆవిరై ఉప్పు పెరుగుతుంది, గాలి ఎండిపోయిన రోజుల్లో మరీ త్వరగా. ఆవిరైనదాన్ని ఆర్.ఓ. మంచినీళ్లతోనే నింపాలి, ఉప్పునీళ్లతో కాదు. ఉప్పును రిఫ్రాక్టోమీటర్‌లో 1.025 (స్పెసిఫిక్ గ్రావిటీ) దగ్గర నిలబెట్టండి.

ఇక రామేశ్వరం యాత్రకు పోయినవాళ్లు "అక్కడ ఒడ్డున రాళ్లు, నక్షత్రాలు ఉన్నాయి, తెచ్చుకుందామా?" అని ఫోన్ చేస్తుంటారు. వద్దు. గట్టి కోరల్స్, సీ ఫ్యాన్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి, చచ్చిన కోరల్ ముక్క తెచ్చినా నేరమే. పైగా అక్కడ కనిపించే పెద్ద నక్షత్రాలు ఇంటి ట్యాంకులో బతకవు.

సరిగ్గా తేల్చారా లేదా

గుంపు తేల్చిన తర్వాత రెండు వారాల పాటు అది ఆ గుంపు మాదిరే నడుచుకుంటోందా చూడండి. ఆస్టెరినా అనుకున్నది రాత్రి ఈదితే మీ గుర్తింపు తప్పు, మొదటి అంచెకు పోండి. బుల్లి బ్రిటిల్ స్టార్ అనుకున్నది మూడు నెలల్లో రెండింతలు అయితే మళ్లీ చేతులు లెక్కపెట్టండి, బిళ్ల కొలవండి.

తీసేయడం మొదలుపెట్టినవాళ్లు జోవాకు వారం వారం ఒకే కోణం నుంచి ఫోటో తీసి పాలిప్‌లు లెక్కపెట్టండి. చదరంలో ఆస్టెరినాలు తగ్గి, పాలిప్‌లు కూడా తగ్గడం ఆగితే మీ అనుమానం నిజం. ఆస్టెరినాలు తగ్గినా పాలిప్‌లు పోతూనే ఉంటే నేరస్థుడు వేరే ఉన్నాడు. లైటు మారిందా, ప్రవాహం నేరుగా తగులుతోందా, ఆల్కలినిటీ (నీళ్ల క్షారత్వం) ఊగుతోందా చూసుకుని, రాత్రి ఎర్ర టార్చితో మళ్లీ ఆ జోవా అడుగున వెతకండి.